గరార్డ్ ఎస్పీ25 మార్క్ 3: బరంపురం గాలిలో ఏళ్ళ తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఇది కొన్న వారంలో రాసే రివ్యూ కాదు. రికార్డులు వాయించే ఈ టర్న్‌టేబుల్ మా ఇంట్లో తిరగడం మొదలై చాలా ఏళ్ళయింది, మొత్తం విప్పి కట్టాను, సూదులు అరగదీశాను, కరెంటుతో వానతో అన్నిటితో తిప్పలుపడ్డాను, ఇప్పటికీ సాయంత్రాలు దీని మీదే పాటలు. నా అభిప్రాయం ఏటంటే, ఈ పాత డెక్కుకి, అంటే టర్న్‌టేబుల్‌కి, కింద గ్రీజు శుభ్రం చేసి, దాని స్థాయికి తగ్గ సూది పెట్టి వదిలేస్తే హాయిగా పాడుతుంది. దీన్నే పెద్ద ఆడియో కంపెనీ మెషిన్ చేసేద్దాం అని ఖరీదైన కార్ట్‌రిడ్జ్ (సూదిని పట్టుకుని దాని కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న ముక్క) దగ్గర మొదలెడితే డబ్బూ పోద్ది, పాటా పోద్ది.

గరార్డ్ అంటే ఇంగ్లండ్‌లో స్విండన్ ఊరి ఒకప్పటి కంపెనీ. 301, 401 అనే వాళ్ళ పెద్ద మోడళ్ళకి ఇప్పుడు కళ్ళు తిరిగే రేటు పలుకుతోంది, ఎస్పీ25 మాత్రం అదే ఇంటి పేద చుట్టం. ఇందులో బెల్టు ఉండదు, మోటర్ మీద మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీ ఒక రబ్బరు చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్ళెం) లోపలి అంచుని రాసుకుంటూ ప్లాటర్‌ని తిప్పుతుంది. పాట అయిపోతే ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) దానంతట అదే లేచి వెనక్కెళ్ళి మోటర్ ఆపేస్తుంది. వినేవాడు కుర్చీలో నిద్రపోయినా సూది అరగదు, ఈ ఒక్క సుఖానికే నాకిది ఇష్టం.

నాకిది పర్లాకిమిడిలో పెదనాన్నగారింట్లో అటక మీంచి వచ్చింది. "ఒరే, ఆ డబ్బా ఎత్తుకుపో, మీ పెద్దమ్మ అక్కడ బట్టల పెట్టె పెట్టుకుంటాదంట, చలికాలమొస్తే అదెలాగూ మొరాయిస్తాది" అన్నారు. ఆ చలికాలం మాటని నేను అప్పుడు పట్టించుకోలేదు గాని అసలు రోగం ఆ మాటలోనే ఉంది.

ప్లాటర్ మీది మ్యాట్ తీసి మధ్యలో స్పిండిల్ (రికార్డు చిల్లులో దూరే ఇరుసు) దగ్గరున్న చిన్న క్లిప్ ఊడదీస్తే ప్లాటర్ పైకి వచ్చేస్తుంది. కింద చూస్తే ముదురు పాకం పట్టిన బెల్లంలా గోధుమరంగులో గట్టిపడిపోయిన గ్రీజు, ఆర్మ్‌ని లేపే పెద్ద క్యామ్ గేర్ పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్‌తో గీస్తే ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. ఆర్మ్ సగం దూరం లేచి ఆగిపోయేదంటే కారణం ఇదే, మోటర్‌కి బలం లేక కాదు. స్పిండిల్ బేరింగ్ విప్పితే ఇంకో తమాషా, లోపల తెల్లటి పొర, వాసన చూస్తే కొబ్బరినూనె! ఏ పుణ్యాత్ముడు పోశాడో గాని కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వెళ్తే పేరుకుంటుంది కదా, డిసెంబర్ జనవరి రాత్రిళ్ళు మన దగ్గర అంతకంటే బాగా చల్లగా ఉంటాయి, మరి మొరాయించదా.

ఇనప పార్టులన్నీ కిరసనాయిల్లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టాను. తర్వాత స్పిండిల్ బేరింగ్‌లో కుట్టుమిషను నూనె కొద్ది చుక్కలు, గేరు పళ్ళకి లిథియం గ్రీజు పల్చగా. మోటర్ పైనా కిందా ఉండే బుష్‌లు నూనె పీల్చుకునే రకం కంచువి, వాటిని నూనెలో నానబెట్టాలి, పైన ఓ చుక్క వేసి ఊరుకుంటే కొన్నాళ్ళకే మళ్ళీ గీపెడుతుంది. ఒక్క చోట మాత్రం నూనె చుక్క కూడా పడకూడదు, ఆర్మ్ చివరికొచ్చిందని గేరుకి కబురందించే ట్రిప్ లీవరు దగ్గర. అది పొడిగా, తేలిగ్గా ఊగాలి. నూనె పడితే దుమ్ము పట్టి అంటుకుపోతుంది, ఇక పాట మధ్యలోనే ఆర్మ్ లేచిపోవడం లేదా అసలు లేవకపోవడం, రెండూ చూస్తారు.

రబ్బరు చక్రం గురించి అందరూ కొత్తది తెప్పించమంటారు, నేను తెప్పించలేదు. రబ్బరు నెర్రెలిస్తే మార్చక తప్పదు, ఊరికే మెరుపు పట్టి జారుతుంటే మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చక్రాన్ని తిప్పుతూ సన్నటి సాండ్‌పేపర్ ఆనిస్తే చాలు, మళ్ళీ పట్టు వస్తుంది. పుల్లీ, ప్లాటర్ లోపలి అంచు కూడా అదే ఆల్కహాల్‌తో తుడవాలి, అక్కడ వేలిముద్ర జిడ్డున్నా జారుతుంది. స్విచ్ ఆన్‌లో వదిలేసి కరెంటు మాత్రం తీసేసే అలవాటుంటే మానుకోండి, ఆఫ్ చేస్తేనే చక్రం పుల్లీ నుంచి విడిపడుతుంది, లేకపోతే ఒకే చోట నొక్కుకుని సొట్ట పడుతుంది, ఆ సొట్ట పాటలో సెకనుకి రెండు మూడు సార్లు దబ్ దబ్‌మని వినబడుతుంది.

కరెంటు వైపు రెండు పనులు. మోటర్‌కి 110, 240 వోల్టుల లింకు ఉంటే అది దేనికుందో చూశాకే ప్లగ్గు పెట్టండి, అమెరికా నుంచి వచ్చిన సెట్ అయితే పుల్లీ కూడా 60 హెర్ట్జ్‌ది అయ్యుంటుంది, మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది కాస్తా 28కి దగ్గరగా తిరుగుతుంది, ఎవరి గొంతైనా నీరసంగా వినబడుతుంది. రెండోది, స్విచ్ ఆపినప్పుడు స్పీకర్లో ఠప్‌మని పేలితే స్విచ్ మీదున్న పాత కెపాసిటర్ పోయినట్టు. దాని చోట 275 వోల్టుల ఏసీకి తగిన ఎక్స్2 రకం వేయాలి, మామూలు కెపాసిటర్ వేస్తే ప్రమాదం. ఈ పని చేతకాదనుకుంటే తెలిసిన రేడియో మెకానిక్‌కి ఇచ్చేయండి, ఇందులో నామోషీ ఏం లేదు.

స్పీడు సంగతి. 33కి 180 గీతలున్న స్ట్రోబ్ డిస్క్ ప్రింట్ తీసుకుని ప్లాటర్ మీద పెట్టాను, మన 50 హెర్ట్జ్‌కి లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది కాబట్టి స్పీడు కరెక్టయితే గీతలు ఆగినట్టు కనబడాలి. ఎల్ఈడీ బల్బు కింద మాత్రం చాలాసార్లు ఏమీ కనబడదు, అవి ఆ లెక్కన మిణకవు, మా వంటింట్లో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఒకటి మిగిలింది కాబట్టి సరిపోయింది, మా ఆవిడ పోపు వేస్తుంటే పక్కన గట్టు మీద నేను గీతలు చూసుకుంటూ కూర్చున్నా. "ఏటండీ ఇది, వంకాయలు తరగడానికి చోటు లేదు" అంది, న్యాయమే. అప్పుడు కనిపెట్టిందేటంటే పొద్దున ఆగిన గీతలు సాయంత్రం ఏడు దాటాక నెమ్మదిగా వెనక్కి జారుతున్నాయి. ఫ్రీక్వెన్సీ మారదు గాని ఇది ఇండక్షన్ మోటర్, వోల్టేజ్ పడితే బలం తగ్గి కాస్త వెనకబడుతుంది. చిన్న స్టెబిలైజర్ పెట్టాక ఆ గొడవ పోయింది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళకి ఒక మాట, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటర్ గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది, సైన్ వేవ్ అయితే పర్లేదు.

ఇక సూది. అసలు గొడవంతా దీని దగ్గరే. పెదనాన్నగారి సెట్‌కి ఉన్న పాత సెరామిక్ కార్ట్‌రిడ్జ్ చచ్చిపోయింది. నేను ఆడియో టెక్నికా ఏటీ3600ఎల్ వేశాను, గుండ్రటి మొన ఉండే చవక రకం, రికార్డు మీద రెండున్నర నుంచి మూడున్నర గ్రాముల బరువు కోరుతుంది, నేను మూడు పెట్టా. విశాఖ నుంచి వచ్చిన మా బావ ఇది చూసి మొహం చిట్లించి, "ఏటి బావా, ఇంత కష్టపడి ఈ చెత్త పెట్టావేటి" అని తన మెషిన్‌కున్న ఎలిప్టికల్ (కోలమొన) సూది, ఒకటిన్నర గ్రాముతో నడిచేది, మంచి ఖరీదుది, ఊడదీసి తెచ్చాడు. సరే చూద్దాం అని పెట్టాం. మొదటి పాట నిజంగానే బాగుంది, తాళాల మోత శుభ్రంగా విడిగా వినిపించింది, బావ మొహం వెలిగిపోయింది. ఒంకర రికార్డు పెడితే ఎగిరి దూకింది. పాటలన్నీ అయ్యాక చివరి గీతలో పడి అక్కడే తిరుగుతూ ఉండిపోయింది, ఆర్మ్ లేవదే. ఎందుకంటే ఈ డెక్కులో ట్రిప్ లీవర్‌ని నెట్టాల్సింది సూదే, అంత తేలిక బరువుతో గీతని అంటిపెట్టుకుని ఈ మొరటు ఆర్మ్‌ని, దాని వెనకున్న లీవర్‌ని నెట్టలేదు. బరువు పెంచితే ఆ సూది పాడైపోద్ది. బావ తన సూది తాను జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకుని భోజనానికి లేచాడు.

బరువు చూడ్డానికి బజార్లో దొరికే చిన్న డిజిటల్ తూకం చాలు, కానీ దాని పళ్ళెం ఇనపదైతే కార్ట్‌రిడ్జ్‌లో మ్యాగ్నెట్ దాన్ని లాగి తప్పు బరువు చూపిస్తుంది, పైన మందపాటి చెక్కముక్క పెట్టి దాని మీద సూది ఆనించండి. వైర్లు తెలుపు ఎడమ, నీలం ఎడమ నెగటివ్, ఎరుపు కుడి, ఆకుపచ్చ కుడి నెగటివ్. మన ఉప్పుగాలికి కార్ట్‌రిడ్జ్ వెనక పిన్నులు, దాన్ని పైన పట్టుకునే క్యారియర్ కాంటాక్టులు పచ్చగా చిలుమెక్కుతాయి, ఒక పక్క స్పీకర్ వస్తూ పోతూ ఉంటే ముందు ఆంప్‌ని (ఆంప్లిఫైయర్‌ని) తిట్టకుండా వీటిని ఆల్కహాల్‌తో తుడవండి, గోపాల్‌పూర్ సముద్రం ఎంత దూరమని.

సెరామిక్ నుంచి ఏటీ3600ఎల్ లాంటి మ్యాగ్నెట్ రకానికి మారితే ఫోనో ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచి సరిచేసే బోర్డు) తప్పనిసరి. దీని సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, పైగా రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, ఆర్ఐఏఏ లెక్క అంటారు, 1954 నుంచి అందరూ పాటించేది, ఆ లెక్కని ప్రీయాంప్ తిరగేస్తేనే ఘంటసాల గొంతు ఘంటసాల గొంతులా ఉంటుంది, లేకపోతే డబ్బాలోంచి పాడినట్టే. నాది చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకున్న చిన్న బోర్డు, దానికి వచ్చిన ఛార్జర్ లాంటి అడాప్టర్ గీ అని గోల పెట్టింది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు అడాప్టర్ పెడితే ఊరుకుంది. ఆ తర్వాత కూడా బుయ్‌మని హమ్ మిగిలితే టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ ఆంప్ బాడీకి బిగించండి. మన ఇళ్ళలో ప్లగ్గుకి మూడో చిల్లు ఉంటుంది, దాని వెనక తీగ ఉంటుందన్న గ్యారంటీ లేదు. మా ఇంట్లో లేదు. గుంత తవ్వించి ఎర్త్ వేయించాకే పూర్తిగా పోయింది, ఆ ఖర్చుని టర్న్‌టేబుల్ ఖాతాలో రాయడానికి మాత్రం మా ఆవిడ ఒప్పుకోలేదు, ఫ్రిజ్‌కి కూడా మంచిదేనంది.

డెక్కు కూర్చునే పెట్టె పాత టేకు గుమ్మం చెక్కతో చేయించా. మిస్త్రీ పనిమంతుడే, కానీ డెక్కు స్ప్రింగుల మీద ఊగడం చూసి ఊరుకోలేకపోయాడు, నాలుగు మేకులు కొట్టి బిగించేస్తానంటాడు. ఆ ఊగడమే దాని పని, ట్రాన్సిట్ స్క్రూలు మోసుకెళ్ళేటప్పుడు బిగించడానికే. అయినా మా ఇల్లు గేట్ బజార్ వైపు, హౌరా చెన్నై లైన్‌కి మరీ దగ్గర, లోడు గూడ్సు వెళ్తుంటే పాట వినపడుతూనే ఊఫర్ (బేస్ పలికే స్పీకర్) కోను లోపలికీ బయటికీ ఊగడం కంటికి కనబడేది. టేబుల్ మీంచి తీసి గోడకి కొట్టిన బల్ల మీద పెట్టాక చాలా తగ్గింది, మోటర్ గురగుర మాత్రం కొంచెం ఉంటుంది, ఈ రబ్బరు చక్రం డెక్కులన్నిటికీ ఉండేదే. నిశ్శబ్దంగా ఉండే వీణ ఆలాపనలో వినిపిస్తుంది, నాదస్వరంలో వినబడదు.

రికార్డుల విషయంలో మన ఊళ్ళకి పెద్ద శత్రువు తేమ. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు తడిసిన అట్టలకి ఇప్పటికీ బూజు వాసన పోలేదు, ప్లేట్లు, అంటే రికార్డులు, మాత్రం బతికాయి. కడగడానికి పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ వాటర్, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు, మెత్తటి బ్రష్‌తో గీతల వెంబడి, మళ్ళీ ఉత్త బ్యాటరీ వాటర్‌తో కడిగి నిలబెట్టి ఆరబెట్టాలి. కుళాయి నీళ్ళు వద్దు, ఉప్పు మరకలు గీతల్లో ఉండిపోతాయి. పాత పీవీసీ ప్లాస్టిక్ కవర్లు ఉంటే పారేయండి, మన ఎండాకాలంలో అవి చెమర్చి ప్లేటు మీద మసక మచ్చ వదులుతాయి. నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే ఒంకరపోతాయి.

లక్క ప్లేట్లు, అంటే 78 రకం, మా పెదనాన్నగారివి కొన్ని ఉన్నాయి. వాటికి ఆల్కహాల్ తగిలిందంటే ప్లేటే కరిగిపోతుంది, దాంతో తుడవడం కూడా వద్దు. నా డెక్కుకి 78 స్పీడు ఉంది గాని 33 స్పీడు ఎల్‌పీ రికార్డుల సూదితో వాటిని వాయించకూడదు, ఆ గీతలు వెడల్పు, సూది అడుగున పడి ఊగుతుంది, సరసర తప్ప పాట రాదు. అదే ఏటీ3600 బాడీకి 78 సూది విడిగా దొరుకుతుంది, దాన్ని లాగి ఇది తొడగడమే, నిమిషం పని.

కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌కి రికార్డుల కోసం నేను అప్పుడప్పుడు రాత్రి రైలెక్కి వెళ్తుంటా, అక్షయ మొహంతి ఒడియా పాటలు, మన తెలుగువి కూడా కట్టల మధ్యలో దొరుకుతాయి. కొనే ముందు ప్లేటు మధ్య చిల్లు చుట్టూ చూడండి, గీతలు గీతలుగా తెల్లగా ఉంటే వందల సార్లు వాయించిన ప్లేటు.

డెక్కు కొనేవాళ్ళకి: వర్కింగ్ కండిషన్ అంటే నమ్మకండి, తిరగడం వేరు పాడటం వేరు. ఒక వైపు మొత్తం మీ ముందు వాయించమనండి, చివర ఆర్మ్ లేచి తనంతట తాను పడుకుంటేనే మాట్లాడండి. లేవకపోతే రేటు సగం అడగండి, గ్రీజు తీసే ఓపిక మీకుంటే ఆ సగం మీకు మిగిలినట్టే. ప్లాటర్, ఆర్మ్ వంకర లేకుండా, రబ్బరు నెర్రెలివ్వకుండా, మోటర్ కాలిన వాసన లేకుండా ఉంటే మిగతావన్నీ ఇంట్లో అయ్యే పనులు. సూది మాత్రం ఎవరు ఏం చెప్పినా కొత్తది వేయండి, ఎదుటివాడి సూది ఎన్ని గంటలు తిరిగిందో మనకి తెలీదు, గుండ్రటి వజ్రం మొన కూడా 500 గంటలు దాటితే మీ రికార్డులనే అరగదీస్తుంది.