పన్నెండేళ్లుగా నువ్వుల నూనె మర్దన: ఆసు పోసిన భుజం అనుభవం

ముందే చెప్తున్నా, ఇది నెల రోజులు వాడి రాస్తున్నది కాదు. పన్నెండేళ్లుగా వారానికి రెండు సార్లు కుడి భుజానికి, మెడకు, వీపుకు గానుగ నువ్వుల నూనెతో మర్దన చేయించుకుంటున్నాను. మాది పాత నల్లగొండ జిల్లాలో పుట్టపాక పక్క ఊరు, నేత కుటుంబం. పెళ్లయిన దగ్గర్నుంచి పదిహేడేళ్లు ఆసు పోశాను. తెలియని వాళ్లకు చెప్పాలంటే, చీర మీద డిజైన్ రావాలంటే రంగు అద్దడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉండే మేకుల చుట్టూ పోసుకోవాలి, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. నలభై దాటేసరికి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

మొదట నా భుజం పట్టింది మా అత్తమ్మే. గిన్నెలో నూనె పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి, తన ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసేది. మెడ దగ్గర మొదలుపెట్టి రెక్క ఎముక అంచు వెంట బొటనవేలితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ కిందికి వచ్చేది, ఇరవై నిమిషాలు, అంతే. కళ్లు మూసుకుని ఒత్తేది. ఎందుకని అడిగితే "కండ్లతోని చూస్తే తోలు కనవడతది, వేళ్లతోని చూస్తే నొప్పి కనవడతది" అంది. జపాన్‌లో కొన్ని వందల ఏళ్లు మర్దన పనిని ఎక్కువగా చూపు లేనివాళ్లే చేసేవారని, 17వ శతాబ్దంలో సుగియామా వైచి అనే అంధ వైద్యుడు వాళ్ల చదువుకు దారి వేశాడని ఫిజియోథెరపీ చదువుతున్న మా బిడ్డ చెప్పినప్పుడు నాకు వెంటనే అత్తమ్మ మాటే గుర్తొచ్చింది.

మధ్యలో ఒకసారి తొందరపడి పట్నంలో ఒక మసాజ్ సెంటర్‌కు వెళ్లాను. నొప్పి ఉందని చెప్పిన చోటే మోచేత్తో బలం కొద్దీ తొక్కారు, వద్దంటే "నొప్పి పుడితేనే పని చేస్తుంది" అన్నారు. భుజం నీలంగా కమిలిపోయి మూడు రోజులు చెయ్యి కదల్లేదు. ఇంటికొచ్చాక అత్తమ్మ "గట్టిగ ఒత్తితే నొప్పి పోదు బిడ్డా, లోపలికి పోయి దాక్కుంటది" అంది. ఇదే సంగతి గ్రీసు దేశపు హిప్పోక్రటీస్ పేరిట ఉన్న వైద్య గ్రంథాల్లో సుమారు 2,400 ఏళ్ల క్రితమే ఉంది: గట్టిగా రుద్దితే ఒళ్లు బిగుస్తుంది, మెత్తగా రుద్దితే సడలుతుంది. తర్వాత పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా కూడా 11వ శతాబ్దంలో మర్దనను ఇట్లాగే రకాలుగా విడదీసి రాశాడు. చార్మినార్ దగ్గరి యునానీ దవాఖానాలో ఈ రోజుకీ నడుస్తున్న వైద్యం ఆ పరంపరదే. ఇన్ని దేశాల వాళ్లకు తెలిసిన మాటను డబ్బు తీసుకుని మర్దన చేసేవాళ్లు మరిచిపోతే నిజంగా బాధేస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం చరక సంహితలోని పోలిక. నూనె పట్టిన కుండ, నూనెతో మర్దించిన తోలు, చమురు పెట్టిన బండి ఇరుసు ఎట్లా గట్టిపడి దెబ్బకు ఓర్చుకుంటాయో, అభ్యంగనంతో శరీరం కూడా అట్లాగే అవుతుందట. మా ఊళ్ల వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా దగ్గర నేసే తేలియా రుమాల్ అనే చేనేత గుడ్డకు వాడే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ పిసికితే గానీ అది మెత్తబడి రంగు పట్టదు. ఒక్క రోజులో అయ్యే పని కాదు, మర్దన కూడా అంతే. ఒకసారి చేయించుకుని గుణం కనపడలేదు అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు పరిమితులు. మర్దన చేసిన రాత్రి నిద్ర బాగా పడుతుంది, రెండు రోజులు భుజం తేలిగ్గా ఉంటుంది, మూడో రోజుకు మళ్లీ పట్టేస్తుంది. నడుము నొప్పికి మర్దన మీద జరిగిన 25 పరీక్షలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో కలిపి చూస్తే అప్పటికప్పుడు ఉపశమనం కనిపించింది కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు, ఆధారాలు కూడా బలంగా లేవన్నారు. నా అనుభవం సరిగ్గా ఇదే. నా చెయ్యి పూర్తిగా పైకి లేచింది రెండు పనులు చేశాక. ఒకటి, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు రోజూ గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి ఎత్తడం. రెండోది ఆసు మిషన్. శారాజీపేట చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో తయారు చేసిన యంత్రం అది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లోకి ఆ మిషన్ వచ్చాక గానీ నూనె చేసిన మేలు నిలబడలేదు. రోజూ 18,000 సార్లు అరిగే కీలుకు వారానికి రెండు మర్దనలు ఏం సరిపోతాయి!

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు నుంచి ఒక బంధువు అత్తమ్మ చేతి గుణం విని వచ్చాడు, వెన్ను వంగదు, మెడ తిరగదు. ఆమె చెయ్యి వేసి చూసి వద్దని పంపేసింది. ఏళ్ల తరబడి బోరు నీళ్లతో ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్‌ను ఏ నూనే కరిగించదు, బలవంతంగా వంచితే ఇంకా ప్రమాదం. అట్లాగే ఒక కాలి పిక్క ఉన్నట్టుండి ఉబ్బి వేడిగా, నొప్పిగా ఉంటే అస్సలు ఒత్తొద్దు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, నేరుగా దవాఖానాకు పోవాలి. షుగర్‌తో పాదాలు మొద్దుబారిన వాళ్లు నూనె వేడిని వేరేవాళ్లతో చూపించుకోవాలి.

కరెంటు మసాజర్ కూడా కొన్నాం, గుర్రుమని అదురుతుంది తప్ప ఎక్కడ ముడి ఉందో దానికి తెలియదు. ఖర్చంటే నెలకు పావు లీటరు గానుగ నూనె, అంతకు మించి లేదు.

ఇప్పుడు నా భుజానికి మర్దన మా బిడ్డ చేస్తోంది. 19వ శతాబ్దంలో డచ్ డాక్టర్ మెట్జ్‌గర్ మర్దనను నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అని విడదీశాడని, ఆ పేర్లే తమ పుస్తకాల్లో ఉన్నాయని చెప్తూ ఒక్కొక్కటీ చేసి చూపిస్తుంది. అత్తమ్మ మంచం మీద కూర్చుని వింటుంది. ఆమె చేతులు వణుకుతున్నాయి, ఇక పట్టలేదు. రాత్రి పూట ఆమె పాదాలకు నేను నూనె రాస్తాను, కొంచెం ఎక్కువ ఒత్తితే ఇప్పటికీ కాలు వెనక్కి లాక్కుంటుంది.