విజయవాడ ఆటోనగర్ లో శాన్ స్టార్మ్ కి టర్బో ఇంజన్ వేయించాం, గ్యారేజీ రివ్యూ

చిన్న ఓపెన్ టాప్ బండికి టర్బో ఇంజన్ (బయటికి పోయే పొగ ఊపుతోనే గాలిని ఎక్కువగా లోపలికి నెట్టి పవర్ పెంచే రకం) వేయించాలంటే కోయంబత్తూరో పూణేనో పోవాలి, మన దగ్గర లారీ పనులు తప్ప ఇలాంటివి చేసేవాళ్ళు లేరు అనే మాట చాలాసార్లు విన్నా. అది నిజం కాదని గట్టిగా చెప్పటానికే ఈ రివ్యూ. మా బండి పని మొత్తం విజయవాడ ఆటోనగర్ లోనే అయింది. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక లైన్లో ఉంటది ఈ గ్యారేజీ, బోర్డు లేదు, నెట్ లో పేరు పెట్టొద్దని ఓనరే అడిగాడు కాబట్టి పెట్టట్లేదు, అందరూ మేస్త్రి గారు అంటారు నేనూ అలాగే రాస్తా. పనికి 5 కి 5 ఇస్తా, చెప్పిన టైంకి ఇవ్వటంలో 5 కి 2. ఎందుకో కింద రాశా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు బండి గురించి. శాన్ స్టార్మ్ అని, బెంగళూరు శాన్ మోటార్స్ వాళ్ళు చేసిన రెండు సీట్ల కన్వర్టబుల్, ఫైబర్ బాడీ, ముందు చక్రాల డ్రైవ్. లోపల రెనో వాళ్ళ 1149 సీసీ పెట్రోలు ఇంజన్, 60 హార్స్ పవర్ దగ్గర, టార్క్ (తిప్పే బలం) 93 న్యూటన్ మీటర్లు. అసలు ఈ బండ్లు తయారైందే చాలా తక్కువ. చూడ్డానికి ముద్దుగా ఉంటది, నాకు ప్రాణం. కానీ ఆ ఇంజన్ కి మన దేశంలో సామాను దొరకదు, ఒక చిన్న గ్యాస్కెట్ కావాలన్నా బయట దేశం నుంచి తెప్పించుకోవాలి, వచ్చినా అది మన నంబరు అవునో కాదో గ్యారంటీ లేదు. పవర్ కోసం కంటే ఈ సామాను బాధ పడలేకే ఇంజన్ మార్పిద్దాం అనుకున్నా.

కొత్త ఇంజన్ బాలెనో ఆర్ఎస్ ది. 2017 లో మారుతి తెచ్చి 2020 లో ఆపేసిన బండి, దాంట్లో 998 సీసీ మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్ టర్బో, 102 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలతే), టార్క్ 150 న్యూటన్ మీటర్లు, అదీ 1700 ఆర్పీఎం నుంచే. వెనక నుంచి గుద్దించుకున్న బండి ఒకటి దొరికింది, ముందు భాగం అంతా క్షేమం. బాలెనో ఆర్ఎస్ ఆగిపోయినా ఇదే 1.0 బూస్టర్‌జెట్ ని 2023 లో ఫ్రాంక్స్ కారులో మళ్ళీ తెచ్చారు, అంటే మామూలు సర్వీసు సామానుకి ఏ ఊళ్ళో అయినా తడుముకోవాల్సిన పని లేదు. ఈ ఇంజన్ ఎంచుకోవటానికి నాకు అదే పెద్ద కారణం.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది రోడ్డు మీద తిప్పే బండి కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. వేరే కంపెనీ ఇంజన్ పెట్టి రోడ్డెక్కితే ఆర్సీ సమస్య, ఇన్సూరెన్స్ సమస్య, ఏదన్నా జరిగితే అవతలోళ్ళకి మనం ఏం సమాధానం చెప్తాం. కాబట్టి మాది రేసు ట్రాక్ కోసమే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా అక్కడికి లారీ మీద ఎక్కించుకుని పోవటమే. నాకు నచ్చింది ఏంటంటే నేను నోరు తెరవకముందే మేస్త్రి గారే అడిగారు, "రోడ్డు మీద తిప్పుతావా బాబూ, తిప్పేట్టయితే నేను చెయ్యను" అని. వేరే చోట ఒకాయన అయితే ఏం కాదండి నంబరు పంచింగ్ (ఇంజన్ మీద నంబరు మార్చి కొట్టటం) కూడా చూసుకుంటాం అన్నాడు, అక్కణ్ణుంచి అప్పుడే లేచొచ్చేశా.

ఇక పని. వెళ్ళగానే ఇంజన్ ఎప్పుడు దించుతారండి అంటే మేస్త్రి గారు, "ఇంజన్ సంగతి తర్వాత, ముందు ఇది ఆగుద్దో లేదో, వంగకుండా నిలబడుద్దో లేదో చూద్దాం" అన్నారు. గట్టి పైకప్పు లేని బండికి ఉండే బలహీనత అదేనంట, మామూలు కారుకి పైకప్పు కూడా బలం ఇస్తది, దీనికి అది లేదు కాబట్టి భారం మొత్తం కింద ఫ్రేమే మొయ్యాలి, పాత ఇంజన్ కంటే టార్క్ 60 శాతం పైన పెరుగుతుంటే ఆ ఫ్రేము మెలి తిరుగుద్ది. ఒక పక్క జాకీ వేసి లేపి డోరు తీసి వేసి చూపించారు, లేపినప్పుడు డోరు పట్టేస్తంది. నిజంగా కళ్ళతో చూస్తే గానీ నమ్మలేం. కింద అడ్డంగా క్రాస్ మెంబర్లు వేసి, సీట్ల వెనక రోల్ బార్ ని (బండి బోల్తా పడితే తలలు కాపాడే ఇనుప కమ్మీ) నేరుగా ఫ్రేముకే వెల్డ్ చేశారు, ఫైబర్ కి కాదు. తర్వాత ముందు బ్రేక్ డిస్కులు పెద్దవి, బ్రేక్ పైపులు మొత్తం కొత్తవి. టర్బో బండికి మానిఫోల్డ్ లో (ఇంజన్ లోకి గాలి వెళ్ళే గొట్టాలు) టర్బో నెట్టే గాలి ప్రెజర్ ఉంటది కాబట్టి బ్రేక్ బూస్టర్ (బ్రేకు తేలిగ్గా పడేలా చేసే భాగం) లైన్ లో వన్ వే వాల్వ్ కరెక్టుగా పని చేస్తందో లేదో విడిగా చెక్ చేశారు. ఇదంతా అయ్యాకే ఇంజన్ దించారు.

బానెట్ చాలా కిందకి ఉంటది ఈ బండికి, ఇంజన్ పట్టుద్దా లేదా అనేది నాకున్న పెద్ద భయం. మేస్త్రి గారు ఎదురుగా హోటల్ నుంచి పరోటా పిండి తెప్పించి ఉసిరికాయంత ముద్దలు చేసి ఇంజన్ మీద ఎత్తుగా ఉన్న ప్రతి చోటా పెట్టి బానెట్ నెమ్మదిగా మూసి తీశారు. తీశాక ఒక్కో ముద్ద ఎంత మందం మిగిలిందో వెర్నియర్ తో కొలిచారు. ఇంటేక్ పైపు దగ్గర ముద్ద అప్పడంలా అయిపోయింది. మూడు సిలిండర్ల ఇంజన్ మౌంటింగుల మీద బాగా ఊగుద్ది, గ్యాప్ 25 మిల్లీమీటర్లన్నా ఉండాలి అని మౌంటింగులు మళ్ళీ కోసి ఇంజన్ ని కిందకి దించి వెనక్కి వంచి బిగించారు. బానెట్ కి రంధ్రం కొట్టేస్తే సాయంత్రానికి అయిపోయే పని అది, ఆయన ఒప్పుకోలేదు.

గేర్ బాక్స్ బాలెనోదే 5 గేర్లది, చక్రాల హబ్బులేమో పాత బండివి, మధ్యలో చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్టులు కలవవు. రెండు షాఫ్టులు ముక్కలు చేసి కలిపి వెల్డింగ్ పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, ట్రాక్ మీద అది విరిగితే ఏమవుద్దో ఆలోచించండి. ఇక్కడ ఈఎన్ 24 అనే గట్టి రకం స్టీలు రాడ్డు తెచ్చి లేత్ మీద తిప్పించి రెండు కొసలా వేరే వేరే స్ప్లైన్లు (పళ్ళు) కట్ చేయించి హార్డెనింగ్ కి పంపారు. ఆటోనగర్ గొప్పతనం అదే, లేత్, స్ప్లైన్ కట్టింగ్, రేడియేటర్ పని అన్నీ నడిచిపోయేంత దూరంలో ఉంటయి, ఒక షెడ్డులో తేలనిది పక్క షెడ్డులో తేలుద్ది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం వైరింగ్. ఈ పని చేసింది ఇరవై ఏళ్ళ కుర్రాడు, అందరూ చిన్నా అంటారు. ఈ ఇంజన్ ఈసీయూ (ఇంజన్ ని నడిపే కంప్యూటరు) ఒంటరిగా పని చెయ్యదు, బాలెనో తాళం, బాడీ కంట్రోల్ మాడ్యూలు, మీటరు అన్నీ కనపడితేనే స్టార్ట్ అవ్వనిస్తది, లేకపోతే దొంగతనం జరక్కుండా పెట్టే ఇమ్మొబిలైజర్ ఆపేస్తది. యాక్సిలరేటర్ కేబుల్ ఉండదు, పెడల్ కూడా ఎలక్ట్రానిక్, అది కూడా బాలెనోదే పెట్టాలి. చిన్నా ఏం చేశాడంటే హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం పెద్ద ప్లైవుడ్ షీటు మీద పరిచి మేకులు కొట్టి ఒక్కో వైరుకి కాగితం చీటీ కట్టాడు, చీటీ మీద రంగు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి అని తెలుగులోనే బాల్ పెన్నుతో, "నీలం మీద తెల్ల గీత, ఎడమ ఫ్యాను" అని. వెనక డోర్లు, పవర్ విండోలు, ఏసీ మనకి అక్కర్లేదు కదా, ఆ వైర్లని మధ్యలో కత్తిరించి టేపు చుట్టకుండా కనెక్టర్ దాకా వెళ్ళి పిన్ను ఊడదీసి తీసేశాడు. చివర్లో గుడ్డ టేపు చుట్టి బిగిస్తే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. ఆ చీటీలన్నీ ఫోటోలు తీసి నాకు పంపాడు, రేపు ఎవరైనా ఈ బండి విప్పితే అర్థం అవ్వాలండి అన్నాడు. ఆ వయసులో ఆ ఆలోచన రావటం చాలా గొప్ప విషయం, ఈ కుర్రాడు ఇంకా పైకి రావాలి.

పెట్రోలు లైను సంగతి కూడా చెప్పాలి. ఇది డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొడతది, క్యామ్ షాఫ్ట్ తో తిరిగే హై ప్రెజర్ పంపు ఉంటది, దానికి ట్యాంకులోంచి వచ్చే సప్లై సరిగ్గా లేకపోతే ఎక్కువ ఆర్పీఎంలో ముక్కుద్ది. పాత ట్యాంకు మూతికి కొత్త ఫ్లాంజ్ చేయించి బాలెనో పంపు దింపారు, అడుగు నుంచి ఎత్తు కొలిచి మరీ.

మన ఎండలకి టర్బో ఎలా తట్టుకుంటది అని అందరూ అడిగేదే. ఫుల్లుగా లాగినప్పుడు టర్బోలోకి వెళ్ళే పొగ 900 డిగ్రీల దగ్గరికి పోద్ది, పైన ఉన్నదేమో ఫైబర్ బానెట్, వేడెక్కితే రెజిన్ మెత్తబడి పెయింట్ బుడగలొస్తయి. టర్బో చుట్టూ రేకు షీల్డు, టర్బో నుంచి పొగ బయటికి తీసుకెళ్ళే డౌన్ పైపుకి హీట్ ర్యాప్, బానెట్ లోపల రిఫ్లెక్టివ్ షీటు వేశారు. ఇంటర్ కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) రేడియేటర్ కి ముందు అతికించకుండా కొంచెం కింద పెట్టి దానికి విడిగా గాలి వచ్చేలా డక్టు చేశారు, లేకపోతే అక్కడ వేడెక్కిన గాలే రేడియేటర్ కి కొడతది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం షెడ్డు బయట ఎండలో పెట్టి ఐడిల్ లో చాలాసేపు వదిలేశారు, ఫ్యాను ఆన్ అవుతా ఆఫ్ అవుతా ఉంది, టెంపరేచర్ సూది మాత్రం మధ్య దాటలేదు.

బాగోలేనివి కూడా చెప్పాలి. టైం. సంక్రాంతికి అన్నది వేసవి దాటింది. లారీ పని వస్తే మన బండి పక్కకి పోద్ది, వాళ్ళకి లారీ ఒక్క రోజు ఆగితే కిరాయి పోద్ది కాబట్టి అర్థం చేసుకోగలను, కానీ ఆ మాట ముందే చెప్పాలి కదా. ఎస్టిమేట్ కూడా నోటి మాటే, కాగితం మీద రాయమని నేను అడిగాక గానీ రాయలేదు. విప్పిన సామాను మీద గుడ్డ కప్పి వదిలేశారు, పక్కన గ్రైండింగ్ రజను అంతా దాని మీదకే, టర్బో నోళ్ళు ప్లాస్టిక్ తో నేనే మూయించా. మొదటిసారి నడిపినప్పుడు ఒక కూలెంట్ హోస్ క్లాంపు దగ్గర కారింది, ఫోన్ చేస్తే చిన్నా బండేసుకుని వచ్చి మార్చి వెళ్ళాడు, డబ్బులు తీసుకోలేదు.

నడపటం ఎలా ఉందంటే, ముందు మా బావ వాళ్ళ వెంచర్ లో లోపలి రోడ్ల మీద చూశాం, గేటు వేసేసి. రెండో గేర్ లో 2000 దాటగానే వీపు సీటుకి అతుక్కుపోద్ది, పాత ఇంజన్ లో ఆ ఊపే లేదు. టాప్ తీసేసి ఉంటే టర్బో ఈల చెవి పక్కనే వినపడతది, ఆ ఆనందం వేరు. గట్టిగా తొక్కితే స్టీరింగ్ కొంచెం ఒక పక్కకి లాగుద్ది, రెండు చేతులూ ఉండాలి. ట్రాక్ మీద సెషన్ మొత్తం తిప్పినా టెంపరేచర్ కదల్లేదు, బ్రేకులు చివరి దాకా పట్టినయి, డోరు ఇప్పుడు ఎలా లేపినా పట్టట్లేదు.

ఖర్చు ఇంజన్ తో కలిపి 6 లక్షల దాకా అయింది, అందులో దాదాపు మూడో వంతు బ్రేకులకీ ఫ్రేముకీ. బయట దీనికంటే తక్కువకి చేస్తామనే వాళ్ళున్నారు, వాళ్ళ లిస్టులో ఫ్రేము పని ఉందో లేదో అడిగి చూడండి. వెళ్ళేవాళ్ళు ఇంజన్ ఒక్కటీ కొనుక్కుని వెళ్ళొద్దు, తాళం నుంచి పెడల్ దాకా డోనర్ బండి (ఇంజన్ తీసే బండి) మొత్తం ఉంటేనే మేస్త్రి గారు ఒప్పుకుంటారు. అడ్వాన్సు ఇచ్చేముందు కాగితం మీద రాయించుకోండి. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో 10 తర్వాత వెళ్తే షెడ్డులోనే ఉంటారు, భోజనం టైంలో మాత్రం ఫోన్ ఎత్తరు.