తైవాన్: విలీనమా, స్వాతంత్ర్యమా, ఇలాగే ఉండటమా... ఏది మేలు?

2021 జులై 31. టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో మన సింధు తై జు యింగ్ చేతిలో ఓడిపోతోంది. టీవీలో ఆ అమ్మాయి పేరు పక్కన 'టీపీఈ' అని పడింది. "ఇదే దేశం బాబాయ్?" అన్నాడు మా అన్నయ్య కొడుకు. చైనీస్ తైపీ అన్నాను. "చైనా వాళ్లా?" కాదురా, తైవాన్ వాళ్లు. "మరి తైవాన్ అనే రాయొచ్చుగా!"

రాయకూడదు. 1981లో ఒలింపిక్ సంఘంతో కుదిరిన ఒప్పందం అది. ఆ రోజే పురుషుల డబుల్స్ ఫైనల్లో లీ యాంగ్, వాంగ్ చీ-లిన్ జంట చైనా జోడీని ఓడించి స్వర్ణం కొట్టింది. పైకి లేచింది వాళ్ల జాతీయ జెండా కాదు, పువ్వు బొమ్మలో ఒలింపిక్ వలయాలున్న తెల్ల జెండా. వినిపించిందీ జాతీయ గీతం కాదు.

కథ క్లుప్తంగా ఇదీ. రెండు శతాబ్దాలకు పైగా చింగ్ చక్రవర్తుల పాలనలో ఉన్న ఈ ద్వీపాన్ని 1895లో జపాన్ తీసుకుంది. 1945లో అది అప్పట్లో చైనాను ఏలుతున్న చియాంగ్ కై-షెక్ ప్రభుత్వం చేతికి వచ్చింది. నాలుగేళ్లకు ఆ ప్రభుత్వమే అంతర్యుద్ధంలో కమ్యూనిస్టు నేత మావో చేతిలో ఓడి, మూటాముల్లె సర్దుకుని తైపీకి చేరింది. అందుకే కాగితాల మీద తైవాన్ పేరు ఇప్పటికీ 'చైనా రిపబ్లిక్'. బీజింగ్ దాన్ని తన రాష్ట్రమే అంటుంది కానీ, కమ్యూనిస్టు చైనా అక్కడ ఒక్క రోజు కూడా పాలించలేదు. 1971లో ఐరాస సీటు పోయింది, 1979లో అమెరికా గుర్తింపు పోయింది. 2024 జనవరిలో నౌరూ కూడా చైనా వైపు వెళ్లాక, గుర్తించే దేశాలు 12 మిగిలాయి.

ఇప్పుడు 2 కోట్ల 30 లక్షల మంది ముందున్న దారులు చూద్దాం.

మొదటిది విలీనం. కొట్టిపారేయాల్సిన మాటేమీ కాదు. యుద్ధ భయం పోతుంది. భాష దాదాపు ఒకటే, 140 కోట్ల మంది మార్కెట్ పక్కనే ఉంది, తైవాన్ వ్యాపారులు ఎప్పుడో అక్కడ ఫ్యాక్టరీలు పెట్టారు. 1981లో బీజింగ్ చూపించిన ఆశ కూడా చిన్నది కాదు: మీ వ్యవస్థ మీది, మీ సైన్యం కూడా మీదే అంది. 'ఒక దేశం, రెండు వ్యవస్థలు' అనే సూత్రాన్ని ముందుగా అనుకున్నది తైవాన్ కోసమే. అమలైంది మాత్రం 1997లో బ్రిటన్ నుంచి చైనా చేతికి వచ్చిన హాంకాంగ్‌లో. యాభై ఏళ్లు మీ వ్యవస్థ మారదన్న మాట ఇరవై మూడేళ్లకే సడలింది. 2020లో బీజింగ్ అసమ్మతిని అణిచే జాతీయ భద్రతా చట్టం తెచ్చింది, మరుసటి ఏడాది బీజింగ్‌ను విమర్శించే యాపిల్ డైలీ పత్రిక మూతపడింది. తైవాన్ వాళ్లు ఇదంతా టీవీల్లో చూస్తూనే ఉన్నారు. 2020 జనవరిలో, బీజింగ్‌కు తలొగ్గని అధ్యక్షురాలు సై ఇంగ్-వెన్ 81 లక్షలకు పైగా ఓట్లతో మళ్లీ గెలవడంలో హాంకాంగ్ వీధుల్లోని నిరసనల పాత్ర తక్కువేం కాదు. 2022లో బీజింగ్ కొత్త శ్వేతపత్రం విడుదల చేసింది. విలీనమయ్యాక తైవాన్‌కు సైన్యాన్ని, అధికారులను పంపం అన్న పాత వాక్యం అందులో లేదు. పెళ్లికి ముందే కట్నం కాగితంలో షరతులు మారుతుంటే ఆడపిల్ల తండ్రి ఏం చేస్తాడు?

రెండోది స్వాతంత్ర్య ప్రకటన. మనసు ఇటే లాగుతుంది, నాకైనా. అక్కడి విశ్వవిద్యాలయ సర్వేల్లో అరవై శాతానికి పైగా జనం తమను తాము 'తైవానీయులు' అనే చెప్పుకుంటున్నారు. కానీ ప్రకటిస్తే చేతికొచ్చేదేమిటి? ఐరాసలో సభ్యత్వం రాదు, భద్రతా మండలిలో వీటో చైనాది. పోయేది మాత్రం చాలా ఉంది. విడిపోతే 'శాంతియుతం కాని' మార్గాలు వాడతామని చైనా 2005లో చట్టమే చేసి పెట్టుకుంది. అమెరికా వస్తుందా? 1979 నాటి అమెరికా చట్టం ఆయుధాలు అమ్ముతామంటుంది, యుద్ధానికి వస్తామని ఎక్కడా అనదు. తైవాన్ అధ్యక్షుడు లాయ్ చింగ్-తె కూడా మనం ఇప్పటికే సార్వభౌమ దేశం, కొత్తగా ప్రకటించేదేమీ లేదంటాడు. పిల్లలు కాలేజీకొచ్చాక శుభలేఖలు అచ్చు వేయించుకోవడం ఎందుకన్నట్టు.

మధ్యేమార్గంగా తటస్థ దేశమని, సమాఖ్య అని కొందరు రాస్తుంటారు. దానికి బీజింగ్ ఒప్పుకోవాలి కదా. అక్కడితో ఆ చర్చ అయిపోతుంది.

మూడోది ఇప్పుడున్నట్టే ఉండటం. ఇదెలా ఉంటుందో తెలియాలంటే కిన్మెన్ ద్వీపం చూడాలి. తైవాన్ పాలనలోనే ఉన్నా, చైనా నగరం షియామెన్ భవనాలు అక్కడి ఒడ్డు నుంచి కనిపిస్తాయి. 1958 ఆగస్టు 23 నుంచి 44 రోజుల్లో దాని మీద 4 లక్షల 70 వేలకు పైగా చైనా ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఆ తర్వాత కూడా 1979 దాకా బేసి తేదీల్లో పడుతూనే ఉన్నాయి, వాటిలో చాలావరకు ప్రచార కరపత్రాలు కూరినవి. ఆ గుండ్ల ఉక్కును కొలిమిలో కాల్చి, సాగగొట్టి, వంటింటి కత్తులు చేయడం అక్కడో కులవృత్తిలా స్థిరపడింది. చైనా పర్యాటకులే వచ్చి కొనుక్కెళ్లేవారు. ఇక 2018 నుంచి కిన్మెన్ తాగునీళ్లలో పెద్ద వాటా సముద్రం అడుగున వేసిన పైపులో చైనా నుంచే వస్తోంది. శత్రువు పంపిన నీళ్లతో కూరగాయలు కడిగి, శత్రువు గుండుతో చేసిన కత్తితో తరుగుతారు.

దీనికీ ఖర్చుంది. నిర్బంధ సైనిక శిక్షణ 2024 నుంచి నాలుగు నెలలు కాదు, ఏడాది. 2021లో చైనా హఠాత్తుగా తైవాన్ అనాసపళ్లు ఆపేస్తే రైతులు బెంబేలెత్తారు. అమెరికా ప్రతినిధుల సభ అప్పటి స్పీకర్ నాన్సీ పెలోసీ వచ్చి వెళ్లిన 2022 ఆగస్టు నుంచి, చైనా, తైవాన్‌ల మధ్య ఉన్న జలసంధి మధ్యగీతను చైనా విమానాలు దాటడం మామూలైపోయింది. కాబట్టి 'ఉన్నదున్నట్టు' అన్నది కూడా ఉన్నచోట ఉండదు, ఏటా ఓ అంగుళం జరుగుతూనే ఉంటుంది. ఇంధనం దాదాపు మొత్తం ఓడల్లోనే వచ్చే ద్వీపానికి, దిగ్బంధం ఎంత తేలికో చెప్పక్కర్లేదు. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ గేటు దాటి షిఫ్టుకెళ్లే మన పిల్లల ఉద్యోగాలకూ ఆ జలసంధి ప్రశాంతత కావాలి. ఆ కంపెనీ తైవాన్‌దే, ప్రపంచంలో అత్యాధునిక చిప్‌లలో సుమారు తొంభై శాతం తయారయ్యేదీ అక్కడే.

అయినా నా ఓటు మూడోదానికే. మొదటి రెండూ ఎక్కితే దిగలేని చెట్లు. ఇదొక్కటే రేపు మనసు మార్చుకోనిస్తుంది. అక్కడి జనం కూడా ఎనభై శాతానికి పైగా, ఏదో ఒక రూపంలో ఇదే అంటున్నారు.

మా వాడి ప్రశ్నకు జవాబు కూడా వాళ్లే చెప్పారు. టోక్యోకు 'తైవాన్' పేరుతో వెళ్దామా అని 2018 నవంబరులో రెఫరెండం పెట్టారు. అలా చేస్తే అసలు ఆడనివ్వకపోవచ్చని ఒలింపిక్ సంఘం హెచ్చరించింది. క్రీడాకారులే కొందరు బయటికొచ్చి, వద్దని ఓటేయమని బతిమాలారు. సుమారు 55 శాతం వద్దన్నారు. మూడేళ్ల తర్వాత లీ యాంగ్, వాంగ్ చీ-లిన్ ఆ పేరుతోనే వెళ్లి, చైనా మీదే ఆడి గెలిచారు.