రోడ్డు వైపు గదే కావాలి: నంబరు ప్లేట్ల వేటలో కాకినాడ, యానాం, అన్నవరం

లాడ్జి కౌంటర్లో కుర్రాడు రెండోసారి అడిగాడు. "రోడ్డు వైపేనా సార్? వెనకాల గది ఖాళీగా ఉంది. చప్పుడుండదు, ఏసీ కూడా కొత్తది." నాకు ఆ చప్పుడే కావాలంటే నమ్మేలా లేడు. "మా మేనల్లుడికి బండ్లంటే ఇష్టం" అన్నాను. పదకొండేళ్ల చింటూగాడు ఊరుకుంటేగా! "నాకే కాదు, మామయ్యకి కూడా" అని నా పరువు తీశాడు.

మా పిచ్చి ఇదీ. దేశంలోని రాష్ట్రాల వాహన కోడ్‌లన్నిటికీ ఒక నోట్‌బుక్‌లో గళ్లు గీసుకున్నాం. రోడ్డు మీద కళ్లారా చూసిందే లెక్క, ఫోన్లో చూసినవి చెల్లవు. ఇద్దరిలో ఒక్కరే చూస్తే పెన్సిల్‌తో, ఇద్దరం చూస్తే పెన్నుతో రాయాలి. పూర్తి నంబరు మాత్రం రాయం. ఎవరి బండి వివరాలో మనకెందుకు? నంబరు మొదట్లో ఉండే కోడు, దాని తర్వాత వచ్చే సిరీస్ అక్షరాలు చాలు.

పాత రోజుల్లో ఈ ఆట ఇంకా రుచిగా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల కోడ్‌లు ఇంగ్లీషు అక్షర క్రమంలో నడిచేవి. ఆదిలాబాద్ 01, అనంతపురం 02, చిత్తూరు 03, అలా పోయి పోయి వరంగల్ 36, పశ్చిమ గోదావరి 37. మా బడిలో జిల్లాల పేర్లు నాకు అలాగే వచ్చాయి. 2014లో తెలంగాణకి టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో అది టీజీ అయింది. ఇప్పుడు ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర నిలబడితే ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 మూడూ ఒకే వరసలో కనబడతాయి. ఆంధ్రా వైపు 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 ఇచ్చేశారు. కొన్నవాళ్లకి సౌకర్యమేనేమో గానీ, మాలాంటి వాళ్ల నోట్లో మట్టి కొట్టారు. బండి శ్రీకాకుళందో చిత్తూరుదో ఇక పోల్చుకునేదెలా?

అందుకే ఈసారి యానాం పెట్టుకున్నాం. చుట్టూ ఆంధ్రా, మాట్లాడేది తెలుగు, ప్లేటు మాత్రం పీవై 04. పుదుచ్చేరి 01, కారైకాల్ 02, మాహే 03, నాలుగోది మన గోదావరి ఒడ్డున ఉంది.

హైదరాబాద్ నుంచి కాకినాడకి ప్రైవేటు స్లీపర్ బస్సులో వెళ్లాం, మనిషికి 1,150 రూపాయలు. ట్రావెల్స్ పేరు చెప్పను. గంటంపావు ఆలస్యం, పైన ఏసీ గొట్టం నుంచి నా దుప్పటి మీద రాత్రంతా చుక్కలు. డ్రైవరన్నకి చెబితే "ఆ బెర్తు అంతే సార్" అన్నాడు. బస్సు నంబరేమో ఎన్ఎల్ 01, నాగాలాండ్. హైదరాబాద్‌లో బయల్దేరి కాకినాడలో ఆగే ఈ బస్సు కోహిమా మొహం ఎప్పుడు చూసిందో ఆ దేవుడికే తెలియాలి. పన్నులు, పర్మిట్ల ఖర్చు తక్కువని అక్కడ రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పుతారు. ఎక్కేచోట నిలబడ్డ గంటలో అరుణాచల్ ఏఆర్, డామన్ డీడీ కూడా దొరికాయి. ఆ లెక్కన ఆలస్యం పూర్తిగా దండగ కాలేదు. అయినా తిరుగు ప్రయాణానికి రైలే నయమనుకున్నాం.

కాకినాడలో దిగింది భానుగుడి సెంటర్ దగ్గర లాడ్జిలో. గది 1,300. బాత్రూమ్ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఉదయం తొమ్మిది దాకానే. మాకు ముఖ్యం కిటికీ కదా, దాని సంగతి చెబుతాను. మొదటి అంతస్తు సరిగ్గా సరిపోయింది. అంతకన్నా పైకెళితే కారు ముందు ప్లేటు బానెట్ చాటుకి పోతుంది, వెనక ప్లేటు చదివేలోపు బండి మలుపు తిరిగేస్తుంది. రాత్రి హెడ్‌లైట్ పడితే కొత్త ప్లేట్లు మెరుస్తాయి గనక పగటికన్నా రాత్రే తేలిక. పాత బండ్ల పెయింటు నంబర్లు మాత్రం చీకట్లో కలిసిపోతాయి.

2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ వస్తున్న ఈ హై సెక్యూరిటీ ప్లేటుని దగ్గర్నుంచి ఎంతమంది చూసుంటారు? లాడ్జి కింద పార్కింగ్‌లో చింటూకి చూపించాను. ఎడమ పక్క నీలంతో ఐఎన్‌డీ, దాని పైన మెరిసే అశోక చక్రం, దాని కిందెక్కడో లేజరుతో చెక్కిన సన్నటి నంబరు. ఉబ్బెత్తు అక్షరాల నల్ల పూత మీద ఏటవాలుగా ఇండియా, ఇండియా అని వరసగా ఉంటుంది. తల కాస్త వంచితేనే కనబడుతుంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని పది నిమిషాలు లేవలేదు. వాచ్‌మన్ వచ్చి "బాబూ, ఏం పడిపోయింది?" అని వెతకడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం పోర్టు రోడ్డు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఎగుమతికి బియ్యం వచ్చేది ఇక్కడికే కాబట్టి సీజీ లారీలు బారులు తీరి ఉంటాయి, సీజీ 04 రాయపూర్‌వి మరీ ఎక్కువ. ఒడిశావీ ఉన్నాయి. ఒక పాత లారీ మీద ఓఆర్ కనబడింది. 2012లో ఓడీ వచ్చాక ఓఆర్ ఇవ్వడం లేదు, అందుకని దానికి నోట్‌బుక్‌లో ప్రత్యేకంగా నక్షత్రం గుర్తు పెట్టాం.

అక్కడే ఇబ్బందిలో పడ్డాం. నేను లారీల వెనక నడుస్తూ చదవడం, చింటూ రాయడం. ఒక ఏపీ 39 లారీ దగ్గరికి రాగానే డ్రైవరు భుజం మీది తువ్వాలు తీసి చటుక్కున నంబరు మీద వేశాడు.

"ఏ ఫైనాన్స్ సార్ మీది?"

"ఫైనాన్స్ కాదండీ, ఊరికే నంబర్లు చూస్తున్నాం."

"ఊరికే ఎవడు చూస్తాడు సార్? వచ్చే నెల రెండు కిస్తీలు కలిపి కడతానని మీవాళ్లకి చెప్పా కదా."

వాయిదా తప్పిన బండ్లని పట్టుకునేవాళ్లు కూడా ఇలాగే చేతిలో లిస్టు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతారు. నాకు తట్టనే లేదు. చింటూ నోట్‌బుక్ తెరిచి, మిజోరం, సిక్కిం అని ఇంకా ఖాళీగా ఉన్న గళ్లు చూపించాకగానీ ఆయన మొహం తేలికపడలేదు. తర్వాత తనే టీ చెప్పి, "సిక్కిం బండి కావాలంటే ఇక్కడేం దొరుకుద్ది, హైవే మీదకి పోండి" అని సలహా ఇచ్చాడు. తువ్వాలు మాత్రం మేం వెళ్లేదాకా తీయలేదు.

మర్నాడు యానాం. కాకినాడ నుంచి ముప్పై కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సు గంటలో దింపుతుంది. మా బస్సు సిరీస్ జడ్, ఆర్టీసీ బస్సులకి కేటాయించిన అక్షరం. తాళ్లరేవు దాటాక చింటూ "పీవై!" అని అరిచాడు. నేను కండక్టర్ దగ్గర చిల్లర తీసుకుంటున్నాను, చూడలేకపోయాను. నియమం నియమమే, పెన్సిల్‌తో రాశాడు. యానాంలో దిగిన రెండు నిమిషాలకి పీవై 04 స్కూటీ మా ముందే ఆగింది. చేపల బుట్ట వెనక సగం దాక్కున్న ప్లేటు. అప్పుడు పెన్ను తీశాం.

తమాషా ఏమిటంటే, యానాం పెట్రోల్ బంకులో పీవై బండ్లకన్నా ఏపీవే ఎక్కువ. ఆంధ్రాకన్నా ఇక్కడ పన్ను తక్కువ, అందుకని చుట్టుపక్కల వాళ్లంతా ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకుంటారు. అరగంట నిలబడితే తూర్పు గోదావరి పాత కోడు ఏపీ 05 బండ్లే పాతిక దాకా లెక్కపెట్టాం. ఏపీ 39 రాజ్యంలో ఆ 05లు నాకు పాత స్నేహితుల్లా అనిపించాయి. ప్లేట్లు చూడ్డానికి ఈ మూడు రోజుల్లో ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు. బండి ఆగుతుంది, నీడ ఉంటుంది, మనల్ని ఎవరూ ఫైనాన్స్ వాళ్లనుకోరు.

గోదావరి గట్టు మీద సాయంత్రం బాగుంటుంది, ఎదుర్లంక వైపు బాలయోగి వారధి మీద లైట్లు వెలిగేదాకా కూర్చున్నాం. ఫ్రెంచి వాళ్లు 1954 దాకా ఏలిన ఊరని చెబితే చింటూ "అయితే అప్పుడు ప్లేట్లు ఎలా ఉండేవి?" అన్నాడు. వాడికి చరిత్ర అక్కడే మొదలవుతుంది. ఆ రాత్రి అక్కడే ఉందామని రెండు లాడ్జిలు చూశాం. ఒకటి సందులో ఉంది, కిటికీ తీస్తే గోడ. రెండోది రోడ్డు మీదే గానీ కింద బారు. శనివారం రాత్రి అక్కడ పిల్లవాడితో పడుకోవడం కుదరదు. ఆఖరి బస్సుకి కాకినాడ వచ్చేశాం. పిల్లలతో వెళ్లేవాళ్లు యానాం పగలు చూసుకుని రాత్రికి కాకినాడలో ఉంటేనే మంచిది.

మూడో రోజు అన్నవరం, టాక్సీ మాట్లాడుకున్నాం, 2,200. డ్రైవరు బంగారం. ఏం చూస్తున్నామో అర్థమయ్యాక తనే అద్దంలోంచి "వెనకాల లారీ డబ్ల్యూబీ అండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. తిండి కోసం కూడా లారీలు ఎక్కువ ఆగే హోటల్ చూసి ఆపాడు. పెసరట్టు బాగుంది, చట్నీ మాత్రం నీళ్లు.

సత్యనారాయణ స్వామి దర్శనం గంటలోపే అయింది. ఆకులో కట్టిన వేడి వేడి గోధుమ నూక ప్రసాదం తింటూ, కొత్త బండ్లకి పూజ చేసేచోట నిలబడ్డాం. బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు, ప్లేటు రావాల్సిన చోట ఎర్రగా టీ, గీత, ఆర్. అంటే టెంపరరీ రిజిస్ట్రేషన్.

చింటూ అరిచాడు. "మామయ్యా, త్రిపుర!"

కాదురా అన్నాను. త్రిపుర కోడు కూడా టీఆరే, అది నిజం. కానీ ఇది షోరూమ్ నుంచి నిన్నో మొన్నో బయటికొచ్చిన కాకినాడ బండి. వాడు ఒప్పుకోలేదు. కోడ్ల పట్టికలో ఆ రెండు అక్షరాలే ఉన్నాయి, గీత లెక్కలోకి రాదు అన్నాడు. సామర్లకోటలో గౌతమి ఎక్కేదాకా వాదన నడిచింది. నేను పై బెర్తు ఎక్కి నిద్రపోయాను.

తెల్లారి లింగంపల్లిలో దిగాక నోట్‌బుక్ తెరిచి చూస్తే త్రిపుర గడి నిండి ఉంది. పెన్సిల్‌తోనే.