ఒకే విభాగం ల్యాబా, ఉమ్మడి ప్రాజెక్టా?

బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీకి ఒకే విభాగంలోని ల్యాబ్‌లో చేరాలా, ఇంజినీరూ డాక్టరూ ఇద్దరూ గైడ్‌లుగా ఉండే ఉమ్మడి ప్రాజెక్టులో చేరాలా అంటే నేను రెండోదే అంటాను.

మొదటిదాంట్లో సుఖం ఉంది. గైడ్ ఒక్కరే, పద్ధతులు తెలిసినవే. అల్గారిదమ్‌ల మీదే మనసుంటే అదే మేలు. కానీ శరీరంలో పెట్టే వస్తువు చేస్తుంటే కథ వేరు. రక్తనాళం సుమారు 100-200 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు) దూరంలోపు లేకపోతే కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు, ఈ సంగతి మొదటిరోజే గుర్తుచేసే మనిషి పక్కన లేకపోతే ఎంత గట్టి స్కాఫోల్డ్ (కణాలు పెరగడానికి ఆధారంగా ఉండే చట్రం) చేసినా లోపలి కణాలు చచ్చిపోతాయి, అది తెలిసేసరికి బోలెడు కాలం పోతుంది.

ఉమ్మడి ప్రాజెక్టులో ఒకరి భాష ఒకరికి అర్థం కాదు, ఎథిక్స్ అనుమతులకే నెలలు పట్టొచ్చు, గైడ్‌లు చెరోవైపు లాగితే టెన్షన్ మామూలుగా ఉండదు. అయినా కెమికల్ ఇంజినీర్ రాబర్ట్ లాంగర్ 1974లో సర్జన్ జూడా ఫోక్‌మన్ ల్యాబ్‌లో చేరాడు కాబట్టే, ప్రోటీన్ల వంటి పెద్ద అణువుల్ని పాలిమర్ నుంచి మెల్లగా విడుదల చేయొచ్చని 1976లో ఇద్దరూ చూపించగలిగారు.

చేరేముందు ఒక్కటి మాత్రం అడగండి: థీసిస్ మీద చివరి మాట ఎవరిది?