మైండ్ యువర్ లాంగ్వేజా, ఫాల్టీ టవర్సా?

రెండూ 1970లనాటి బ్రిటిష్ కామెడీలే. 'మైండ్ యువర్ లాంగ్వేజ్' (1977) లండన్‌లో విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే తరగతి కథ. దూరదర్శన్‌లో 'జబాన్ సంభాల్‌కే' అయింది ఇదే. మాస్టారి ఓపిక ముచ్చటేస్తుంది కానీ జోకు ఒక్కటే: ఫలానా దేశంవాడు ఇలాగే ఉంటాడు. నాలుగు ఎపిసోడ్లకే మొహం మొత్తుతుంది.

'ఫాల్టీ టవర్స్' (1975, 1979) ఒక హోటల్ కథ, మొత్తం 12 ఎపిసోడ్లే. ఇందులోనూ స్పెయిన్ వెయిటర్ మాన్యుయెల్ యాస మీద నవ్వులున్నాయి. హోటల్లోనే ఉండే ముసలి అతిథి, మేజర్ నోటిదురుసుకు 2020లో ఒక ఎపిసోడ్‌ను కొన్నాళ్లు పక్కనపెట్టారు కూడా. అయినా ఎక్కువగా నవ్వులపాలయ్యేది హోటల్ యజమాని బేసిలే. గొప్పవాళ్ల ముందు వంగిపోతాడు, పనివాడి మీద విరుచుకుపడతాడు, ఒక అబద్ధం కప్పెట్టబోయి నాలుగు ఆడతాడు. ఇలాంటి యజమానులు ఇప్పుడు లేరా ఏంటి! రచయితలు జాన్ క్లీజ్, కోనీ బూత్ వేసిన ఆ చిక్కుముడి అరగంటసేపూ సడలదు. నా ఓటు దీనికే.