ఇంట్లో గ్లూకోమీటర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

షుగర్ ఉందని కొత్తగా తెలిసినవాళ్లు ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకోవాలా అని అడిగితే, పెట్టుకోమనే చెబుతాను. నేను మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచీ వాడుతున్నాను. నాకది బాగా పనికొచ్చింది. కాకపోతే అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, ఏ ప్రశ్నకు చెప్పలేదో ముందే తెలిసి ఉండాలి. లేకపోతే ప్రతి రీడింగూ ఒక టెన్షనే.

మీటర్ సంగతికి ముందు ల్యాబ్ రిపోర్టు గురించి ఒక మాట. పరగడుపున రక్తంలో షుగర్ (డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో) 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్ (షుగర్‌కు ముందు దశ), 126 లేదా అంతకు మించితే షుగర్. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల షుగర్ సగటును శాతంలో చెప్పే రక్తపరీక్ష) అయితే 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క రిపోర్టుతో తేల్చకుండా ఇంకో పరీక్షతో నిర్ధారించుకుంటారు. ఈ గీతలన్నీ జబ్బు ఉందా లేదా అని తేల్చడానికి. ఉందని తేలిపోయాక చూసుకోవాల్సిన లక్ష్యాలు వేరు. గర్భిణులు కాని పెద్దల్లో చాలామందికి డాక్టర్లు భోజనానికి ముందు 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండాలంటారు. వయసు బాగా పైబడినవాళ్లకు కొంచెం సడలిస్తారు, గర్భిణులకు ఇంకా బిగిస్తారు. రిపోర్టు కాగితం మీద మాత్రం అందరికీ ఒకటే ‘నార్మల్’ అచ్చవుతుంది. మందులు వాడుతున్న మనిషికి పొద్దున 118 వచ్చిందంటే అది మంచి రీడింగ్. అయినా కాగితం మీద దాని పక్కన ‘ఎక్కువ’ అన్న గుర్తు ఉంటుంది. కొత్తవాళ్లు ఆ గుర్తును చూసే కుంగిపోతారు. మీ లక్ష్యం ఎంతో డాక్టర్‌ని అడిగి, రిపోర్టు మీద మీ చేత్తోనే రాసి పెట్టుకోండి.

ఇక మీటర్. వెంటవెంటనే రెండు వేళ్లు గుచ్చి చూస్తే రెండు రకాలుగా చూపించడం దానికి సహజం. ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం (2013 నాటిది) ప్రకారం 100, అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు 15 శాతం అటూ ఇటూ, 100 లోపు ఉన్నప్పుడు 15 పాయింట్లు అటూ ఇటూ ఉన్నా మీటర్ సరిగ్గా పనిచేస్తున్నట్టే. వందకు 95 రీడింగులు ఆ హద్దులో ఉంటే చాలు. అంటే 150 చూపించినప్పుడు అసలు విలువ 130 కావచ్చు, 170 కావచ్చు. నిన్న 142, ఇవాళ 149 వచ్చిందని బెంగపడటంలో అర్థం లేదు.

ల్యాబ్‌తో పోల్చి చూడాలనుకుంటే పరగడుపునే, సూదితో రక్తం తీసిన సమయానికే వేలు గుచ్చి చూడండి. తిన్న తర్వాత పోలిస్తే లెక్క కుదరదు. ఆ సమయంలో వేలి కొసన ఉన్న రక్తంలో గ్లూకోజ్, నరంలోంచి తీసిన రక్తంలో కంటే ఎక్కువగా ఉంటుంది.

చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవడం అన్నిటికంటే ముఖ్యం. పండు కోసిన వేలిని అలాగే గుచ్చితే, చర్మానికి అంటిన రసమే రీడింగును అమాంతం పెంచేస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టాలి, తేమ తగిలితే అవి పాడవుతాయి. వేలి మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ.

నాకు ఈ మీటర్ విలువ తెలిసింది జంట రీడింగులు రాయడం మొదలుపెట్టాకే. భోజనానికి ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు ఇంకొకటి. తిన్నాక 170 అని ఒక్కటే రాసుకుంటే అందులోంచి తెలిసేది చాలా తక్కువ. ముందు 150 ఉంటే ఆ భోజనం పెంచింది 20 మాత్రమే, అప్పుడు చూడాల్సింది తిండికి ముందే షుగర్ ఎందుకు అంత ఉందని. ముందు 95 ఉంటే పెరిగింది 75, అప్పుడు చూడాల్సింది కంచంలో ఏముందని. అదే భోజనం చేసి కాసేపు నడిచిన రోజున రెండో రీడింగ్ ఎంత దిగుతుందో కళ్లారా చూశాక, నన్ను నడవమని ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

రాత్రి పడుకునేముందు కంటే తెల్లారి ఎక్కువ రావడం చాలామందిని భయపెడుతుంది. రాత్రంతా ఏమీ తినకుండా ఎలా పెరిగిందంటారు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరిగి, కాలేయం గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. రోజూ అలాగే వస్తుంటే డాక్టర్‌కి చెప్పాలి, అంతేగానీ అది మీరు చేసిన తప్పు కాదు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పనిని మీటర్ చేయలేదు. 7 శాతం అంటే సగటున దాదాపు 154, 8 అంటే 183. మీటర్ తెర మీద కనిపించే సగటు దీనికంటే తక్కువగా ఉంటే, మనం షుగర్ తక్కువగా ఉండే వేళల్లోనే చూసుకుంటున్నామేమో గమనించాలి. అలాగని హెచ్‌బీఏ1సీ కూడా అన్నివేళలా నమ్మదగింది కాదు. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్య రక్తం పోయినా ఎక్కించుకున్నా తక్కువ చూపించవచ్చు. రెండూ పొంతన లేకుండా వస్తే హిమోగ్లోబిన్ కూడా చూడమని డాక్టర్‌ని అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఒక్క రీడింగ్ చాలు. 70 కంటే తగ్గితే, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే, ఆలోచిస్తూ కూర్చోకూడదు. 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. చెమటలు, వణుకు మొదలైనప్పుడు అది నిజంగా షుగర్ పడిపోవడమేనా అని నిమిషంలో తేల్చి చెప్పడం కోసమైనా ఈ మీటర్ ఇంట్లో ఉండాలి.

లోపాలున్నాయి. ఖర్చంతా స్ట్రిప్పులదే. షుగర్ పెరుగుతోందో తగ్గుతోందో మీటర్ చెప్పదు, ఆ క్షణాన ఎంతుందో మాత్రమే చెబుతుంది. ఏం తిన్నామో, నిద్ర పట్టిందో లేదో, జ్వరముందో దానికి తెలియదు, అందుకే నేను పక్కన పుస్తకం పెట్టుకున్నాను. మాత్రలతోనే నడిచేవాళ్లు రోజూ గుచ్చుకోనక్కర్లేదని నా అభిప్రాయం. డాక్టర్‌ని కలవబోయే ముందు కొన్ని రోజులు జంటలుగా చూసి రాసుకెళితే చాలు. ఇన్సులిన్ వాడేవాళ్ల సంగతి వేరు, ఎన్నిసార్లు చూడాలో డాక్టరే చెప్పాలి.

కొనేటప్పుడు స్ట్రిప్పులు ఎప్పుడూ దొరుకుతాయా అని, పైన చెప్పిన ప్రమాణం పెట్టె మీద రాసుందా అని చూడండి. కొన్ని మీటర్లు 7.8 లాంటి చిన్న అంకెలు చూపిస్తాయి, అది మిల్లీమోల్ లెక్క. దాన్ని 18తో గుణిస్తే మనకు అలవాటైన 140 వస్తుంది.